రక్తం చూసిన బండి

"సంతకం పెట్టకు మామా," అన్నది నీరజ మళ్లీ.

సోమనర్సయ్య వినపడనట్టే గోడ అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాడు. ఆ తల మీద దువ్వడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. కానీ కోడలికి జవాబు చెప్పకుండా తప్పించుకోవాలంటే మామ చేతిలో ఏదో ఒక పని ఉండాలి.

"నిన్నటి సంది చెప్తున్న. బండిల కరాబు ఉన్నదని పౌలుకు చెప్పినంకనే సంతకం."

"అమ్మిన బర్రె పాలిస్తుందా తంతుందా అని ఎవడన్న ఎనక పోయి చూస్తడా?" అన్నాడు సోమనర్సయ్య అద్దంలోకి చూస్తూనే.

"బర్రె తంతే కాలు ఇరుగుతది మామా. గిది పానం తీస్తది."

కాలు అన్న మాట దగ్గర ఇద్దరూ ఆగారు. లోపలి గదిలో అత్త గట్టమ్మ వాకరు నేల మీద టక్కుమన్నది. శ్రావణంలో విరిగిన తుంటి, మార్గశిరం వచ్చినా ఆమెను సొంతంగా నడవనియ్యలేదు.

ఆ శ్రావణంలోనే, కాళేశ్వరం నుంచి తిరిగొస్తుంటే, భూపాలపల్లి దాటాక దిగుడులో వాళ్ల కారు కల్వర్టును గుద్దింది. నడిపింది చిన్నకొడుకు నవీన్. పక్కన గట్టమ్మ కూర్చుంది. సోమనర్సయ్య వెనక సీట్లో నిద్రపోతున్నాడు. "బ్రేకు తొక్కిన, పెడలు రాయి లెక్క అయింది, కిందికి పోలే" అని నవీన్ అక్కడ గుమిగూడిన వాళ్లకు చెప్పాడు, దవాఖానలో చెప్పాడు, ఠాణాలో చెప్పాడు, ఇంటికొచ్చాక అందరికీ చెప్పాడు. బ్రేకు తొక్కనివాడు కూడా అదే చెబుతాడు కాబట్టి ఎవరూ నమ్మలేదు. "వాడు తొక్కిండయ్యా, నేను చూసిన" అని గట్టమ్మ మంచం మీద నుంచి అంటే, తల్లి కొడుకును వెనకేసుకు రాక ఏం చేస్తుందిలే అనుకున్నారు.

దసరా నాటికి తొర్రూరులో ఇంకో మాట లేచింది. తాగి నడిపాడట. ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు. అలాంటి మాటలకు తల్లీ తండ్రీ ఉండరు. అది బస్సెక్కి జనగామ దాకా పోయింది. అక్కడ నవీన్ ఎకనామిక్స్ చెప్పే ప్రైవేటు కాలేజీలో, హాస్టలు పిల్లల బాధ్యత అతని దగ్గర నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చారు. కారణం అడిగితే, "ఏం లేదు సార్, మీరు కొంచెం రెస్టు తీసుకుంటారని" అన్నారు.

నీరజ కూడా ఒకసారి అడిగింది. ఒక్కసారే. "నిజం చెప్పు, ఆ రోజు ఏమన్న తీసుకున్నవా?" అని. అతను ఆమె వైపు కాసేపు చూసి, చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. ఆ తర్వాత ఆ కారు గురించి భార్యతో కూడా మాట్లాడలేదు. అడక్కుండా ఉండాల్సిందని ఆమెకు ఆ క్షణమే తెలిసింది. కానీ అడిగిన మాటను వెనక్కి తీసుకునే దారి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఇక బండి. రక్తం చూసిన బండి ఇంట్లో ఉండొద్దు. ఈ చుట్టుపక్కల దానికి తిరుగులేదు. సొట్టలు తీయించి, నిమ్మకాయలు కట్టి, నాలుగు ఊళ్ల అవతలికి అమ్మేయాలి. ఎరిగినవాడికి అమ్మకూడదు, ఎరగనివాడికి చెప్పకూడదు. తొర్రూరులో గుద్దిన ట్రాక్టరు కొత్తగూడకు పోతుంది, కొత్తగూడలో గుద్దిన జీపు జనగామకు వస్తుంది. ఈ లెక్కన రక్తం చూడని పాత బండి ఈ మూడు జిల్లాల్లో ఎక్కడైనా దొరికితే దాన్ని గుళ్లో పెట్టి మొక్కాలి. దోషం బండిదే అని అందరూ గట్టిగా నమ్ముతారు గానీ, ఆ దోషం ఎక్కడుందో ఒకసారి విప్పి చూద్దామని మాత్రం ఎవరికీ తోచదు.

అట్లాగే దసరాకు ముందే సోమనర్సయ్య కారు కూడా భూపాలపల్లి పోయింది. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన పౌలు కొనుక్కున్నాడు. పేరు మార్పు మాత్రం ఈ వారం, పై వారం అంటూ ఆగిపోయింది.

మొన్న సోమనర్సయ్య ఫోనుకు కారు కంపెనీ మెసేజి వచ్చింది. ఏ సైబరు దొంగలో అనుకుని, "గిది జూడు బిడ్డా, ఏం మోసమో" అంటూ తనే కోడలి చేతికిచ్చాడు. నీరజ బస్టాండు దగ్గరి మీ-సేవలో పనిచేస్తుంది. మరునాడు అక్కడి కంప్యూటరులో కంపెనీ పేజీ తెరిచి చాసిస్ నంబరు కొట్టింది. మెసేజి నిజమే. ఆ ఏడాది తయారైన ఆ రకం కార్లన్నిటినీ కంపెనీ వెనక్కి పిలుస్తోంది. బ్రేకుకు బలమిచ్చే పంపు చెడిపోవచ్చు, పెడలు ఉన్నట్టుండి గట్టిపడవచ్చు, పంపు మార్చేదాకా బండి నడపొద్దు, మార్చే ఖర్చంతా కంపెనీదే.

పెడలు గట్టిపడవచ్చు. నీరజ ఆ ముక్కను మళ్లీ మళ్లీ చదివింది. కులం సర్టిఫికెటు కోసం ఎదురుగా నిలబడ్డ ముసలాయన, "నెట్టు పోయిందా బిడ్డా?" అని అడిగాడు.

రాత్రి అన్నాల దగ్గర ఆ మెసేజి భర్త ముందు పెట్టింది. ఎగిరి గంతేస్తాడనుకుందో, ఏడుస్తాడనుకుందో ఆమెకే తెలియదు. నవీన్ చదివాడు. ఫోను తిరిగిచ్చాడు.

"ఆ బండి వాళ్లు ఇంక నడుపుతున్నరా?" అన్నాడు. అంతే.

*

"ఆర్సీ ఇంక నీ పేరు మీదనే ఉన్నది మామా. రేపు ఆ బండి ఎవలినన్న గుద్దితే కేసు నీ మీదికే వస్తది," అన్నది నీరజ.

"గందుకే గద ఇయ్యాలనే సంతకం పెడ్తనంటున్న! ఆ పీడ ఇడిసిపోవాలె." సోమనర్సయ్య దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. "నువ్వే రామాయణమంత జెప్పి, మల్ల రామునికి సీత ఏమైతదంటవ్."

"సంతకం పెడితే కేసు తప్పతదేమో. తెలిసి గూడ చెప్పలేదన్న మాట తప్పతదా?"

పెద్దకొడుకు నగేశ్ గడపలో నిలబడి మోటారు సైకిలు తాళపుచెవి వేలికి వేసి తిప్పుతున్నాడు. ఎరువుల దుకాణం తండ్రీ అతనూ కలిసి నడుపుతారు. యాసంగి నాట్ల రోజులు, యూరియా కోసం దుకాణం ముందు జనం పొద్దుగాలే చెప్పులు వరసలో పెట్టిపోయారు. అయినా అతను కదలడం లేదు.

"మనం చెప్పకుంటేంది నీరజా, కంపెనోల్లే చెప్పుకుంటరు," అన్నాడు.

"కంపెనోల్లకు పౌలు ఎవరో ఎరుకనా బావా? వాళ్ల కాడ ఉన్నది మామ నంబరొక్కటే."

నగేశ్ తాళపుచెవి తిప్పడం ఆపాడు.

"పౌలును బస్సుల రమ్మని చెప్పమంటిని. చెప్పినవా?" అన్నది నీరజ.

"చెప్పిన... అంటే, ఫోన్ కలువలే. మల్ల జేద్దామనుకున్న."

"అంటే ఆ బండిలనే వస్తున్నడు."

బావ మంచివాడే. ఎవరికీ ఎదురు చెప్పలేనంత మంచివాడు. అందుకే ఇంట్లో ఏ తప్పు జరిగినా అందులో ఒక చెయ్యి అతనిది ఉంటుంది.

"చెప్తే బండి తెచ్చి మన మొఖాన పడేసి పోతడు ఆయన," అన్నాడు సోమనర్సయ్య.

"ఎందుకు పడేస్తడు? పంపు ఉత్తగనే మారుస్తరు. బండి ఎవని చేతిల ఉంటే వానికి చేసియ్యాలె, ఎన్ని చేతులు మారినా సరే. మనమైతే ఇంకోటి గూడ చెయ్యొచ్చు. అత్తమ్మ తుంటి ఇరిగింది వాళ్ల పంపు పాడై. వినియోగదారుల ఫోరంల అడగొచ్చు. అది మన హక్కు."

"కోర్టులా?" సోమనర్సయ్యకు కోర్టు అన్న మాటకంటే దాని మెట్లంటే ఎక్కువ భయం. ఒకసారి పొలం గట్టు తగాదాలో ఎక్కి, గట్టు కంటే ఎక్కువ పోగొట్టుకుని దిగాడు. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తది బిడ్డా. ఇంటి ముచ్చట ఇంట్లనే ఉండాలె."

"ఇంట్ల ఉన్నదా? ఊరంత మీ కొడుకును తాగుబోతు అంటున్నది."

ఆ మాటకు సోమనర్సయ్య కిటికీలోంచి వీధిలోకి చూశాడు. నగేశ్ నేల చూశాడు. ఇద్దరూ ఒకేసారి రెండు దిక్కులు చూడటం నీరజకు కొంచెం వింతగా తోచింది. కానీ కోపంలో ఉన్న మనిషికి వింతలు ఆలోచించే తీరిక ఉండదు.

ముందర అరుగు మీద నవీన్ కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు గానీ సంచి తీసుకోలేదు.

"తమ్ముడూ, జనగాం బస్సు ఎల్లిపోతది," అన్నాడు నగేశ్ బయటికొచ్చి.

"సెలవు పెట్టిన."

"సెలవెందుకు?"

"ఆ పౌలు వస్తుండు గద. చూద్దామని."

"ఆయన్ని చూసుడేంది? పని నేను జూసుకుంట. నువ్వు పో."

నవీన్ లేవలేదు. అప్పుడు సోమనర్సయ్య గడప దాకా వచ్చాడు. దసరా తర్వాత చిన్నకొడుకుతో నేరుగా మాట్లాడటం అదే మొదలు.

"నువ్వు ఈడ ఉండకు," అన్నాడు.

"ఎందుకు బాపూ?"

ఆయన లోపలికి పోయి, అప్పుడే పెట్టిన చొక్కా గుండీలు మళ్లీ విప్పి మళ్లీ పెట్టుకున్నాడు.

నీరజ అత్తకు చాయ్ తీసుకుపోయింది. గట్టమ్మ మంచం అంచున కూర్చుని వాకరు రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"బిడ్డా, కంపెనోల్లకు ఎట్ల ఎరుకైంది? వాళ్లు మన బండిల లేకపాయె."

"వాళ్లు జేసిన బండే కద అత్తమ్మా. మనసొంటోళ్లకు ఇంక చానా మందికి అయి ఉంటది. గప్పుడు ఎరుకైంది."

గట్టమ్మ చాయ్ ఊదుకుంది. తాగలేదు.

"ఆడెక్కడనో కూసున్నోల్లు రాస్తే మీ మామ నమ్మిండు. పక్కన కూసున్న నేను చెప్తే నమ్మలే," అన్నది.

ఆ గొంతులో కోపం లేదు. అదే నీరజకు ఎక్కువ బాధ కలిగించింది. తనూ నమ్మలేదు కదా.

*

పౌలు కారు సందులోకి తిరిగింది. తెల్ల కారు. ముందు బంపరు కొత్తది కావడంతో ఒళ్లంతా ఒక తెలుపు, మూతి ఇంకో తెలుపు. వెనక అద్దం మీద ముక్తేశ్వర స్వామి పేరు గోకేసిన చోట ఇప్పుడు ఏసుప్రభువు పేరు ఉంది. కారు ఇంటి ముందుకొచ్చింది. ఆగుతుందనుకుంటే ఆగకుండా మెల్లగా ముందుకు జారిపోయి, పక్కింటి వాళ్ల నీళ్ల డ్రమ్ముకు జానెడు దూరంలో నిలబడింది.

నవీన్ అరుగు మీద నుంచి లేచాడు.

పౌలు నవ్వుకుంటూ దిగాడు. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, మెడలో తువ్వాల. "పొద్దుగాల జర బిర్రుగుంటది పెడలు. గట్టిగ తొక్కాలె. నాకు అలవాటైంది సేటూ," అన్నాడు సోమనర్సయ్యతో.

కారులో ఆయన భార్య మణెమ్మ ఉంది. వెనక సీట్లో చిన్న బొంత, దోమతెర గొడుగు, ఫ్లాస్కు ఉన్నాయి. "దిగు మణెమ్మా, చాయ్ తాగి పోదాం" అని పౌలు పిలిస్తే, ఆమె ముందు బొంత మడత సరిచేసి తర్వాత దిగింది.

"బిడ్డ జ్యోత్స్నకు జనగాం దవాఖానల కాన్పయింది. ఆడపిల్ల. ఇయ్యాల డిశ్చార్జి," అన్నది మణెమ్మ ఎవరూ అడక్కుండానే. మనవరాలు పుట్టిన మనిషిని ఎవరూ అడగనక్కర్లేదు. "సంతకం అయినంక గట్లనే పోయి తల్లిని పిల్లను ఇంటికి తోలుకపోతం."

నీరజ ఆ బొంత వైపు చూసింది. తర్వాత మామ వైపు చూసింది. సోమనర్సయ్య కూడా బొంతను చూశాడు. చూసి, "లోపలికి రాండ్రి, లోపలికి" అన్నాడు తొందరగా.

నవీన్ మాత్రం పౌలు దగ్గరికి పోయి చెయ్యి చాపాడు. "కాకా, తాళపుచెవి జర ఇస్తవా?"

పౌలు ఇచ్చాడు. నవీన్ కారు తలుపు తీసి కాసేపు అట్లాగే నిలబడ్డాడు. శ్రావణం తర్వాత అతను స్టీరింగు ముట్టుకోలేదు. జనగామ రానూపోనూ బస్సే. ఎక్కి కూర్చుని ఇంజను స్టార్టు చేశాడు. కారు కదల్లేదు, అతని కాలు మాత్రం కదిలింది. ఒకసారి తొక్కాడు. ఇంకోసారి. దిగి, తలుపు వేసి, తాళపుచెవి తన జేబులో వేసుకున్నాడు.

"గదే," అన్నాడు నీరజతో మెల్లగా.

ఇన్ని నెలల తర్వాత భర్త ఆ రోజు జరిగినదాని గురించి ఆమెతో చెప్పిన మొదటి మాట అది. ఆమెకు ఏడుపొచ్చింది. కానీ వాకిట్లో చుట్టాలు కాని మనుషులు ఉన్నారు, చాయ్ పెట్టాల్సి ఉంది.

*

కాగితాలు బల్ల మీద ఉన్నాయి. నగేశ్ పెన్ను మూత తీసి తండ్రి చేతికిచ్చాడు. ఇంటికొచ్చిన వాళ్లు ఇంకా చాయ్ గ్లాసు కింద పెట్టలేదు.

"ఆగు మామా," అన్నది నీరజ. "కాకా, మీకు ఒక మాట చెప్పాలె."

"నువ్వు లోపలికి పో!" సోమనర్సయ్య గొంతు వీధిలోకి వినిపించింది.

నీరజ పోలేదు. తలుపు పక్కనే నిలబడి, మీ-సేవలో వచ్చిన వాళ్లకు చెప్పే గొంతుతోనే చెప్పింది. కంపెనీ మెసేజి పంపింది. బ్రేకు పంపులో దోషం ఉంది. పెడలు బిర్రుగ ఉండేది పొద్దుటి చలికి కాదు, పంపు పాడవుతున్నందుకు. మార్చేదాకా నడపకూడదు. కంపెనీ ఉత్తగనే మారుస్తుంది. ఈ కారు శ్రావణంలో దిగుడులో కల్వర్టును గుద్దింది. అత్తమ్మ తుంటి విరిగింది అందుకే.

మణెమ్మ గ్లాసు కింద పెట్టింది. పౌలు మాత్రం గాభరా పడలేదు. ఆయన నీరజను చూసి, సోమనర్సయ్యను చూసి, చివరికి గోడకు ఆనుకుని నిలబడ్డ నవీన్ దగ్గర చూపు ఆపాడు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

"చిన్నకొడుకువు నువ్వేనా బిడ్డా?"

"ఆఁ."

"మంచిగున్నవా? మానేసినవా?"

"ఏంది?"

"సిగ్గుపడకు. నేను గూడ బాయి పనిల ఉన్నప్పుడు తాగినోన్నే. మందు ఎంత చెడ్డదో నాకెరుక." పౌలు లేచి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మీ బాపు నాకు ఏం దాచలే. పాపం, కండ్లల్ల నీళ్లు పెట్టుకొని చెప్పిండు. బండికి ఏ దోషం లేదు పౌలూ, మా పిలగాడే తాగి గుద్దిండు, బండిని అనుమానించకు అన్నడు. కన్నకొడుకు తప్పును గట్ల ఒప్పుకున్న మనిషి బండి విషయంల అబద్ధమెందుకు ఆడ్తడని తీస్కున్న. అప్పటి సంది ప్రతి ఆదివారం మా సంఘంల నీ పేరు మీద ప్రార్థన చేస్తున్నం. తొర్రూరు నవీను అంటే మావోల్లందరికి ఎరుకే."

సోమనర్సయ్య చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టాడు.

భూపాలపల్లి సంఘంలో వాళ్లకు జనగామలో, తొర్రూరులో చుట్టాలుంటారు. పెళ్లిళ్లుంటాయి, చావులుంటాయి. మాట ఏ బస్సెక్కి వచ్చిందో నీరజకు ఇప్పుడు అర్థమైంది. తల్లీ తండ్రీ లేని మాట కాదు అది. తండ్రి ఉన్నాడు, బల్ల ముందే కూర్చుని ఉన్నాడు. బండికి మంచి పేరు నిలబెట్టడానికి కొడుకు పేరు చెడగొట్టి అమ్మాడు.

"నీకెరుకనా అన్నా?" అన్నాడు నవీన్.

నగేశ్ తల ఎత్తలేదు. "బండి పోవాలె గదరా," అన్నాడు గొణుగుతూ. "మూతి చూస్తేనే గుద్దిందని ఎరుకైతది, ఎవడు గొంటడు? బ్రేకు పట్టలేదంటే అసలే కొనడు. గందుకని బాపు... ఊరవతల మాట, ఊరవతలనే ఉంటదనుకున్నం."

"నేను తాగిన్నని చెప్పినవా బాపూ?"

సోమనర్సయ్య పెన్ను మూత కోసం బల్ల మీద వెతికాడు. అది ఆయన చేతి పక్కనే ఉంది. "నువ్వు తొక్కలేదనుకున్న," అన్నాడు. "పండుకొని లేసేవరకు కల్వర్టు కనవడ్డది. తొక్కి ఉంటే ఆగేది గద అనుకున్న. ఎట్లయినా తప్పు నీదే అన్నప్పుడు... తాగితే ఏంది, తాగకపోతే ఏంది అనుకున్న."

ఆయన అబద్ధం చెప్పడం లేదని నీరజకు తెలిసింది. అందువల్ల ఆయన మీద కోపం తగ్గలేదు, పెరిగింది. తను భర్తను అడిగిన ప్రశ్న ఈ ముసలాయన నోట్లోంచి పుట్టిందే. అది ఊరంతా తిరిగి తన పడకగదిలోకి వచ్చింది, తను దాన్ని తన సొంత ప్రశ్న అనుకుని అడిగింది. ఆమెకు సిగ్గేసింది.

వాకరు చప్పుడైంది. గట్టమ్మ గడప దాకా నడిచి వచ్చింది. ఎవరూ పట్టుకోకుండా ఆమె అంత దూరం రావడం అదే మొదలు. కానీ ఆ సంగతి ఆ గదిలో ఎవరూ గమనించలేదు.

"పౌలన్నా, నీ పార్థన ఆపుకో," అన్నది. "దేవుని ముంగట అబద్ధం చెప్పొద్దు. వాని పక్కన కూసున్నది నేను. అమ్మా పట్టుకో, అమ్మా పట్టుకో అనుకుంట రెండు కాళ్లతోని తొక్కిండు నా కొడుకు. వాని నోట్ల ఉన్నది స్వామివారి ప్రసాదం, ఆ చక్కెర బిళ్ల నేనే పెట్టిన."

పౌలు చెయ్యి నవీన్ భుజం మీద నుంచి జారింది. ఆయన భార్య కోసం చూశాడు. మణెమ్మ అప్పటికే వాకిట్లో ఉంది. కారు వెనక తలుపు తీసి బొంత, గొడుగు, ఫ్లాస్కు ఒక్కొక్కటే బయటికి తీస్తోంది.

"నేను కిరాయి బండి చూస్త కాకా," అన్నాడు నవీన్. "మీరు జనగాం దాంట్ల పోన్రి. ఇది ఈడనే ఉంటది."

"మరి సంతకం?" అన్నాడు నగేశ్. ఆ గదిలో ఆ మాట అనగలిగినవాడు అతనొక్కడే.

అప్పుడు ఫోను మోగింది.

సోమనర్సయ్య ఫోను ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది. దుకాణంలో జనం గోలకు చెవి ఆనదని నగేశే అట్లా పెట్టిచ్చాడు. ఆయన పేరు చూడకుండానే నొక్కాడు.

"నమస్కారం అండి. సోమనర్సయ్య గారేనా? మీ కారు బ్రేకు పంపు విషయంలో కంపెనీ నుంచి మాట్లాడుతున్నామండి. నిన్న మీ కోడలుగారు ఫోన్ చేశారు." అమ్మాయి గొంతు. నేర్చుకున్న మర్యాద. "బండి ప్రస్తుతం మీ పేరునే ఉందా అండి?"

సోమనర్సయ్య బల్ల మీది కాగితాలు చూశాడు. సంతకం చోటు ఖాళీగా ఉంది.

"ఆఁ. నా పేరు మీదనే."

"థాంక్యూ అండి. బండిని నడపకండి, మేమే మనిషిని పంపి తీసుకెళ్తాం. ఒక్క ప్రశ్న సార్, ఈ కాల్ రికార్డవుతుంది. ఈ బండికి ఇంతకుముందు ప్రమాదం ఏమైనా జరిగిందా? జరిగితే కారణం ఏమిటండి? బ్రేకు పనిచేయలేదా, లేక నడిపినవారి పొరపాటా? ఓనరుగా మీరే చెప్పాలండి."

పౌలు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. గట్టమ్మ గడపలోనే, వాకరు మీద బరువంతా వేసి నిలబడి మొగుడినే చూస్తోంది.

బ్రేకు పనిచేయలేదంటే, పౌలు ముందు తను అబద్ధాలకోరు. కొడుకు పొరపాటంటే, ఆ మాట ఇక ఎప్పటికీ చెరగదు, కంపెనీ దగ్గర ఆయన గొంతుతోనే ఉండిపోతుంది. సోమనర్సయ్య గొంతు సవరించుకున్నాడు. ఫోను రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా చిన్నకొడుకు వైపు చాపాడు.

"నువ్వే చెప్పు నాయినా," అన్నాడు. బతిమాలినట్టుగానే ఉంది. "జరిగింది నీకెరుక గద."

నవీన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫోను అందుకోలేదు.

"నేను శానా సార్లు చెప్పిన బాపూ. ఓనరువు నువ్వు. ఇగ నువ్వు చెప్పు."

చాపిన చెయ్యి అట్లాగే ఉంది. అందులోంచి అమ్మాయి గొంతు మళ్లీ వచ్చింది.

"హలో సార్? లైన్లో ఉన్నారా అండి?"